అరవై మూడు చొక్కాలు

కాదు తల్లీ, ఆ ముక్క కొట్టెయ్. 'కోపం మరిచిపోయి ఇంటికి రా' అని నేననలేదు. అది మీ అమ్మ వంటింట్లోంచి అందించిన మాట. వాడి కోపం వాడి దగ్గరే ఉండనీ. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. చెయ్యి నొప్పి పుడితే చెప్పు, ఆగుదాం.

రేపు పొద్దున బండికి నువ్వు రేవు పట్నం వెళ్తున్నావు. అక్కడ మిలిటరీ ఆసుపత్రిలో మీ బాబాయి కళ్ళకి కట్లతో పడుకుని ఉన్నాడు. మూడో ఆపరేషన్ అయింది. ఒక కన్ను వస్తుందన్నారు, రెండోది చెప్పలేమన్నారు. యుద్ధం నుంచి అందరూ వచ్చేశారు, వాడూ వచ్చాడు, ఇంటికి మాత్రం రానంటున్నాడు. 'ఈ ఊళ్ళోనే గది చూసుకుంటాను, మా నాన్నకి చెప్పండి' అని నర్సమ్మ చేత ఫోన్ చేయించాడు. నాకు ఉత్తరం ముక్క రాసి పధ్నాలుగు నెలలయింది. ఎందుకో నీకు సగం తెలుసు, మీ నాన్నకీ సగమే తెలుసు. మిగతా సగం నేనెవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతాను. కానీ మొదటి నుంచీ రావాలి, ఎందుకంటే ఇక్కడ ఏం జరిగిందో వాడికి పేపర్లో ఫోటో చూసిందే తప్ప ఇంకేం తెలియదు.

మన వీధిలో ఇరవై రెండు మిషన్లు. సర్కారు గోడౌన్ నుంచి గుడ్డ బేళ్ళొస్తాయి. నేను కటింగ్ మాస్టర్ని, నేను కత్తిరిస్తే మిగతావాళ్ళు కుడతారు. కాజాలక్క కాజాలు తీస్తుంది. రేడియో ఇస్త్రీ చేసి మడతలు పెడతాడు. అతన్ని రేడియో అని ఎందుకంటామో కూడా రాయి, పక్క మంచం వాళ్ళు వింటే నవ్వుకుంటారు. ఇస్త్రీ పెట్టె చేతిలోకి వస్తే చాలు వార్తలు మొదలెడతాడు, పెట్టె చల్లారేదాకా ఆపడు.

ఆరు నెలల్లో అయిపోతుందన్నారు ఆ యుద్ధం. మన సరిహద్దు కాదు, మన పొరుగు కాదు. సముద్రం దాటి వెళ్ళి ఇంకెవరివో కొండల మీద కూర్చున్నాం. మొదట ఎవరి తరఫున వెళ్ళామో, నాలుగేళ్ళు తిరిగేసరికి వాళ్ళే మనవాళ్ళ మీద కాల్చడం మొదలుపెట్టారు. అప్పుడైనా వచ్చేయాలా వద్దా? ఇంకొంచెం ఓపిక పట్టండి అన్నారు. పట్టాం. తొమ్మిదేళ్ళు పట్టాం.

నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు గానీ అంకెలు మాత్రం నా దగ్గర దాక్కోలేవు. గోడౌన్ వాళ్ళిచ్చే ఆర్డరు కాగితంలో సైజుల పట్టీ ఉంటుంది. మొదటేడు అన్నీ నలభై, నలభై రెండు ఛాతీలు. అంటే ముదిరిన మనుషులు. ఆరో ఏడుకి ముప్పై ఆరు. తొమ్మిదో ఏడు ముప్పై రెండు సైజే రెండు వేలు రాశారు. ముప్పై రెండంటే ఎవరనుకున్నావు? ఇంకా గడ్డం గీసుకునే పని పడని పిల్లలు. సుద్దముక్క చేత్తో పట్టుకుని ఆ పట్టీ ముందు అలాగే నిలబడిపోయాను.

అదే వారం రేడియో వచ్చి చెప్పాడు, చలికాలం మొదలయ్యేలోపు సైనికులందర్నీ ఇళ్ళకి తెస్తామని మంత్రి ప్రకటించాడట, తారీఖు కూడా చెప్పాడట. వీధి వీధంతా పండగ చేసుకున్నంత పని చేసింది. కాజాలక్క కొడుకూ అక్కడే ఉన్నాడుగా, ఆవిడ సూది పక్కన పెట్టి పూర్తిగా ఒక గ్లాసుడు టీ కూర్చుని తాగింది. ఆవిడ కూర్చుని టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు రోజులకి ఆర్డరు కాగితం వచ్చింది. చలికోట్లు తొమ్మిది వేలు, లోపలి అస్తరు రెండు పొరలు. కింద ఇంకో వరుస: వచ్చే ఏడాది చలికాలానికీ ఇదే గుడ్డ, ఇన్నే కోట్లు.

"ఏమయ్యా రేడియో, మనవాళ్ళు వచ్చేస్తున్నారన్నావు?" అన్నాను.

"నేనెక్కడన్నాను అన్నయ్యా, మంత్రి అన్నాడు."

"మరి ఈ తొమ్మిది వేల కోట్లు ఎవరికి? మంత్రిగారి తోడల్లుళ్ళకా?"

కాజాలక్క లేచి తన బల్ల మీద గుడ్డ కప్పేసింది. "కుట్టొద్దు. ఒక్కరు కూడా కుట్టొద్దు. కోట్లు లేకపోతే వాళ్ళే వెనక్కి తెస్తారు."

"తేరక్కా," అన్నాను. "కోట్లు లేకుండానే అక్కడ ఉంచుతారు."

ఆవిడకి తెలియకనా? కప్పిన గుడ్డ తనే తీసేసింది. కుట్టకపోతే మన పిల్లలే గడ్డకట్టిపోతారు. కుడితే యుద్ధానికి ఇంకో ఏడాది మనమే కుట్టిచ్చినట్టు. అటు చూస్తే అలా, ఇటు చూస్తే ఇలా. ఆ రోజు ఇరవై రెండు మిషన్లలో ఒక్కటీ తిరగలేదు. అలాగని ఎవరూ ఇంటికీ వెళ్ళలేదు.

మన దగ్గర ఒక పద్ధతుంది కదా. కుట్టడం అయిపోయాక చెప్పిన తారీఖుకి మనిషి రాకపోతే ఆ బట్టని బీరువాలో పెట్టం. షాపు ముందు హ్యాంగరుకి వేలాడదీస్తాం. దారిన పోయేవాళ్ళు చూసి, 'ఫలానావాళ్ళ చొక్కా అయిపోయిందట, తెచ్చుకోలేదేం' అని కబురు మోస్తారు. నాకదే తట్టింది. మంత్రి తారీఖు చెప్పాడు. బాగుంది. ఆ తారీఖుకి మన ఊరి పిల్లలు ఎంతమంది అక్కడున్నారో అందరికీ తలా ఒక ఇంటి చొక్కా కుట్టి సిద్ధంగా పెడదాం. వస్తే తొడుక్కుంటారు. రాకపోతే వేలాడదీద్దాం.

లెక్క తీస్తే అరవై మూడు మంది. కోట్ల పనికి ఒక్క గంట తగ్గకూడదని ముందే అనుకున్నాం. మధ్యాహ్నం అన్నాల వేళ మిగుల్చుకుని చొక్కాలు మొదలుపెట్టాం. గుడ్డ మా సొంతం. కొలతలంటావా, ఊళ్ళో పుట్టినవాళ్ళందరి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయాయె. చకచకా ఇరవై కత్తిరించేశాను.

బస్సు డ్రైవరు వచ్చి తన కొడుకు చొక్కా ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదెవరికి మాస్టారూ?" అన్నాడు.

"మీవాడికేనయ్యా."

"మావాడు వెళ్ళేటప్పుడు పంతొమ్మిది. ఇప్పుడు ఇరవై ఐదు. ఈ చొక్కా ఇప్పుడు వాడి భుజాలకి పట్టదు."

నాకు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళ మాస్టర్ని, ఎదిగే పిల్లాడి కొలత పాత పుస్తకంలోంచి తీస్తానా? పక్కన అంతమంది ఉన్నారు, ఒక్కరైనా చూసుకోలేదు. వాళ్ళు వెళ్ళిన రోజు ఎలా ఉన్నారో మా అందరి బుర్రల్లో అలాగే నిలబడిపోయారు.

డ్రైవరు తన చొక్కా గుండీలు విప్పుకుని నా ముందు నిలబడ్డాడు. "నన్ను కొలవండి. వాడు నా పోలికే."

మర్నాటికి షాపు ముందు వరుస కట్టారు తల్లీ. తండ్రులు, అన్నలు, తమ్ముళ్ళు. ఒకమ్మాయి వచ్చి, "మా అన్నయ్యకి భుజాలు నావే, పొడుగు మాత్రం ఇంకో జానెడు వెయ్యండి" అంది. ఒక ముసలావిడ మనవడి కోసం వచ్చి, "పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టు నాయనా" అంటే, పక్కావిడ, "అక్కడ వాళ్ళు పెట్టే తిండికి వదులొకటా!" అంది. ఆ వరుసలో అందరూ ఒక్కసారి నవ్వారు. ఎదురుగా లేని మనిషి కొలత తీయడం నాకదే మొదలు.

మీ బాబాయి కోసం మీ నాన్న చేతులు చాచి నిలబడ్డాడు. మీ నాన్న ఛాతీ సంగతి నీకు తెలుసుగా, దానికంటే హ్యాంగరు నయం. చివరికి నేనే నిలబడ్డాను. కాజాలక్క టేపు చుట్టి, "అన్నయ్యా, ఊపిరి లోపలికి పట్టు. పిల్లాడికి నీ బొజ్జ కూడా కుడతావా?" అంది. అది రాయి, వాడికి నవ్వొస్తుంది.

కోట్లు ముందు వెళ్ళాయి. తొమ్మిది వేలూ చెప్పిన రోజుకే. ఒక్కటి తగ్గలేదు, తనిఖీలో ఒక్కటీ తిరిగి రాలేదు. చంక కింద రెండు కుట్లు చాలన్న చోట మూడు వేశాం. మొన్నామధ్య చంకకర్రల మీద ఒకతను షాపుకి వచ్చి కోటు చూపించాడు. మోచేతులు చిరిగిపోయాయి, అస్తరు కాలింది, నిలువునా మరకలు. చంక కింద కుట్టు మాత్రం మిషను మీంచి ఇప్పుడే తీసినట్టుంది. "ఇది మీ వీధిదేనా?" అన్నాడు. "మాదే" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే రేడియో ఇస్త్రీ ఆపి చూశాడు.

మంత్రి చెప్పిన తారీఖు వచ్చింది, పోయింది. మూడు రోజులు ఆగాం. ఎవరూ దిగలేదు. నాలుగో రోజు పొద్దున అరవై మూడు చొక్కాలూ తీసుకెళ్ళి గోడౌన్ ఇనప కంచెకి వేలాడదీశాం. ప్రతి చొక్కాకీ ఒక చీటీ, పిల్లాడి పేరు, కింద 'సిద్ధం' అని. ఇంకో మాట లేదు. నినాదం లేదు, తిట్టు లేదు.

గోడౌన్ సూపర్నెంటు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఇదేం పని మాస్టారూ? కోటు కుట్టి ఉండమనేది మీరే, చొక్కా కుట్టి రమ్మనేది మీరేనా? ఏదో ఒకటి తేల్చుకోండి."

"రెండూ వాడికేనండీ," అన్నాను. "కోటు అక్కడి చలికి, చొక్కా ఇక్కడి ఇంటికి."

వాన పడితే తీసేవాళ్ళం, ఆరబెట్టి ఇస్త్రీ చేసి మళ్ళీ తగిలించేవాళ్ళం. నలిగిన చొక్కా ఒక్క రోజు కూడా ఆ కంచె మీద లేదు. పిల్లల పరువు అది. సైకిలు మీద పోతూ ఒకడు, "పిరికివాళ్ళ జెండాలు!" అని అరిచాడు. కాజాలక్క కత్తెర చేతిలో పట్టుకునే అడ్డం వెళ్ళింది. "దిగు నాయనా, దిగు. ఒక్కో చీటీ చదివి ఏ చొక్కా పిరికిదో చూపించు. నీకు ఎన్నో సైజో కూడా చెప్పు, కుట్టి అక్కడికే పంపిస్తాం." వాడు సైకిలు తొక్కిన తొక్కుడు చూడాలి.

పేపరు వాళ్ళొచ్చి ఫోటో తీశారు. చొక్కాల ముందు టేపు మెళ్ళో వేసుకుని నేను. ఆ పేపరు సముద్రం దాటింది. నెల తిరక్కుండా మీ బాబాయి ఉత్తరం వచ్చింది. నువ్వే చదివావు గుర్తుందా? 'నాన్నా, ఇక్కడ నన్ను అందరూ చొక్కా అని పిలుస్తున్నారు. మా ఆఫీసరు పేపరు తెచ్చి అందరి ముందూ చూపించాడు. నేను ఇంటి మీద బెంగతో ఏడవట్లేదు. నా పక్కవాళ్ళని వదిలేసి వచ్చే ఉద్దేశం నాకు లేదు. నా పరువు తీసుకెళ్ళి కంచెకి తగిలించావు. ఇక నాకు రాయకు.'

మీ నాన్న మొహం మాడ్చుకున్నాడు. మీ అమ్మ ఏడ్చింది. నేనా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళాను. ఇప్పుడు చెబుతున్నాను తల్లీ, ఆ రోజు నాకు గర్వంగా ఉంది. తన పరువు కోసం తండ్రి మీదైనా లేచేవాణ్ణి కన్నాను కదా అనుకున్నాను. వాడికి అర్థం కానిదల్లా ఒక్కటే. నేను వేలాడదీసింది వాణ్ణి కాదు, మంత్రి మాటని.

ఇంతవరకూ మీకు తెలిసిందే. ఇక్కణ్ణించి జాగ్రత్తగా రాయి.

ఉత్తరం వచ్చిన పది రోజులకి గోడౌన్ మేడ మీదికి రమ్మని కబురొచ్చింది. రాజధాని నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ మేడ మెట్లెక్కి దిగుతున్నాను, నాకెప్పుడూ కుర్చీ వెయ్యలేదు. ఆ రోజు వేశారు. గ్లాసుతో మంచినీళ్ళు పెట్టారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"మీ కుట్టు చాలా బాగుంటుందని విన్నాను పెద్దాయనా," అన్నాడు.

"చిత్తం."

"మీ చిన్నబ్బాయి అక్కడే ఉన్నాడట."

"ఉన్నాడండీ."

కాగితం ఒకటి నా వైపు జరిపాడు. పేర్ల వరుస. అడుగున ఖాళీ. "పదిహేను రోజుల్లో అక్కణ్ణించి కొంతమందిని తీసుకుని ఒక ఓడ వస్తోంది. ఇందులో మీ అబ్బాయి పేరు నా చేత్తో రాస్తాను. నెల తిరిగేసరికి మీ ఇంట్లో ఉంటాడు. మీరు చెయ్యాల్సిందల్లా, ఆ కంచె మీద బట్టలు దింపించడం. మీరు చెబితే మీ వీధి వింటుందట."

"మరి మిగతా అరవై రెండు మందండీ?"

"మీ సంగతి మీరు చూసుకోండి పెద్దాయనా. అందరి బరువూ మీకెందుకు?"

నీళ్ళు తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నెమ్మదిగా తాగాను. నిజం చెబుతున్నా, నా చెయ్యి ఆ కాగితం మీదికి వెళ్ళింది. వాడు గుమ్మంలో నిలబడ్డట్టే కనిపించాడు. మీ నానమ్మ బతికుంటే నా చేత సంతకం పెట్టించేదేమో, తెలియదు. కిటికీలోంచి కిందికి చూస్తే కాజాలక్క ఎవరిదో కాలరు సర్దుతోంది. ఆవిడ కొడుకుదే అయ్యుంటుంది, రోజూ ఒకటికి పదిసార్లు సర్దేది.

జేబులో ఉత్తరం తగిలింది. పక్కవాళ్ళని వదిలేసి వచ్చే ఉద్దేశం లేదని వాడే రాశాడు కదా.

"వాడొక్కణ్ణే రమ్మంటే రాడండీ," అన్నాను. "వాడి ఆఫీసరుని అడగండి, చెబుతాడు. చొక్కాలు కూడా అంతే, ఒక్కటి దించితే మిగతావి ఊరుకోవు."

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. మెట్లు దిగాను. ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయాను. కాజాలక్క పరుగున వచ్చింది. "ఏమన్నాడన్నయ్యా?"

"కుట్టు బాగుందన్నాడు," అన్నాను.

ఎందుకలా చూస్తావు? పెన్ను ఆపకు. ఇంకా ఉంది.

ఆ ఓడ వచ్చింది. ఆ ఖాళీలో ఇంకెవరి పేరు రాశారో, ఎవరో ఒకరి బిడ్డ ఇంటికి చేరాడు, మంచిదే. అది వచ్చిన నాలుగు నెలలకి మీ బాబాయి ముందే బాంబు పేలి కళ్ళు దెబ్బతిన్నాయి. ఉన్నదున్నట్టు రాయి. నేను ఊఁ అని ఉంటే ఆ రోజుకి వాడు ఇంట్లో, ఈ కుర్చీలో ఉండేవాడు. రెండు కళ్ళతో.

ఎండాకాలానికి సైన్యాన్ని వెనక్కి తేవడం మొదలైంది. చొక్కాల వల్లేనని నేననను, అంత వెర్రివాణ్ణి కాదు. అప్పటికి ఇంకో పదకొండు ఊళ్ళల్లో కంచెలు నిండాయి, జనం విసిగి వీధుల్లోకి వచ్చారు, మంత్రి మారాడు. మా అరవై ముగ్గురిలో యాభై ఎనిమిది మంది దిగారు. కాజాలక్క కొడుకు బండి దిగి నడుచుకుంటూ వచ్చి తన చొక్కా తనే దించుకున్నాడు. మెడ దగ్గర బిగుతైంది. ఆవిడ ఏడుస్తూనే నన్ను తిట్టింది, ఏం కొలత తీశావని. ఐదుగురి చొక్కాలు వాళ్ళ అమ్మలు మడిచి తీసుకెళ్ళారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని, "నలగకుండా ఉంచారు, అంతే చాలు" అంది. ఆ మాట నేను మర్చిపోను. మీ బాబాయి ఆఖరి ఓడలో వచ్చాడు. గాయాలతో ముందే పంపిస్తామంటే, తన జట్టులో చివరివాడు ఎక్కేదాకా ఎక్కనన్నాడట. కళ్ళకి కట్లతో, ఒకరి భుజం పట్టుకుని నిలబడ్డాడట. ఆ ఓడలోనే వచ్చిన ఆ చంకకర్రలతను చెప్పాడు.

విన్నావా? ఎక్కనన్నాడట.

అది విన్నప్పట్నుంచి నాకు కడుపు నిండిపోయినట్టుంది. నేను ఆ మేడ మీద చెప్పిన మాట వాడు ఓడ దగ్గర నిలబడి చెప్పాడు. ఎవరికి ఎవరూ చెప్పుకోలేదు. ఏమంటావు? అలాగని నా తప్పు లేదనను. వాణ్ణి అడక్కుండా వాడి బదులు నేను జవాబు చెప్పాను. వాడి కన్ను, వాడి నాలుగు నెలలు, వాటి మీద మాట్లాడే హక్కు వాడిది. నేను తీసేసుకున్నాను. తొందరలో తీసుకోలేదు, ఒక గ్లాసుడు నీళ్ళు తాగి తీసుకున్నాను. మళ్ళీ ఆ కుర్చీ వేసినా అదే చెబుతానేమో. అది కూడా రాయి. దాచి క్షమించమంటే అది క్షమించమనడం కాదు.

ఏమిటి? "తాతయ్యా, ఇదంతా చదివితే అసలే రాడేమో" అంటావా? రాకపోవచ్చు. చొక్కాల కోపంతో దూరంగా ఉన్నాడిన్నాళ్ళూ, అది చిన్న కోపం. ఇది పెద్దది. పెట్టుకుంటే దీని మీదే పెట్టుకోమను, నాకు ఒప్పుదలే. గదిలో ఒంటరిగా కూర్చుని సగం సంగతితో నన్ను తిట్టుకోవడం మాత్రం నాకిష్టం లేదు. మొత్తం తెలిసి తిట్టాలి. ఇక్కడికొచ్చి, నా ఎదురుగా నిలబడి, ఈ వీధి వినేటట్టు తిట్టాలి. అడ్డం వచ్చేవాళ్ళెవరూ ఉండరు, కాజాలక్కకి నేను చెప్పుకుంటాను. ఆవిడకి ఈ మాట ఇంకా తెలియదు, రేపు నీ బండి కదిలాక వెళ్ళి చెబుతాను.

నువ్వు వెళ్ళగానే మొదలుపెట్టకు. ముందు వాడి చెయ్యి పట్టుకో. భోజనం అయిందా అని అడుగు. ఆ తరవాత ఈ కాగితాలు తీయి. జోకులున్న చోట నవ్వుతూ చదువు. మేడ మీది సంగతి వచ్చేసరికి నీ గొంతు తగ్గిపోతుంది, నాకు తెలుసు, తగ్గించకు. గబగబా దాటెయ్యకు. వాడు ఆపమంటే ఆపు, మళ్ళీ చదవమనేదాకా పక్కనే కూర్చో. పక్క మంచాల వాళ్ళు వింటే విననీ. మీ తాత సిగ్గుపడే మాట ఇందులో ఒక్కటీ లేదు. చదువు తల్లీ, మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క వదలకుండా మీ బాబాయికి చదివి వినిపించు.